పడవ వెనక టేకు బల్ల నల్లబడింది: వార్నిష్ వేయాలా, నూనె రాయాలా, వదిలేయాలా?

లేనియర్ తీరం:
అందరికీ నమస్కారం. మేముండేది అట్లాంటాకు ఉత్తరాన, కమ్మింగ్‌లో. లేక్ లేనియర్ దగ్గరే కదా అని మా బావగారూ నేనూ కలిసి నీళ్ల మీద స్కీయింగ్ చేసేవాళ్లను లాగే స్కీ పడవ, తొంభైల నాటిది, ఒకటి కొన్నాం. ఇంజను బాగుంది. పడవ వెనక, నీళ్లలోకి దిగడానికీ పైకి ఎక్కడానికీ ఉండే టేకు స్విమ్ ప్లాట్‌ఫామ్ సంగతే తేలడం లేదు. పైన బూడిద రంగు, పట్టీల అంచుల్లో నలుపు. చేత్తో రాస్తే గట్లుగట్లుగా తగులుతోంది. స్క్రూ తలల మీద ఉండాల్సిన చెక్క బిరడాలు కొన్ని ఊడిపోయాయి, ఆ చోట్ల నల్లని చారలు. ఒక పట్టీ నిలువుగా పగిలింది.

పక్కింటాయన నీళ్లను ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ ఇస్తానంటున్నారు. బావగారు అద్దంలా మెరిసేట్టు వార్నిష్ వేయిద్దామంటున్నారు. పిల్లలు తడికాళ్లతో ఎక్కే చోటు కాబట్టి నాకు అనుమానంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పడవ మరమ్మతు:
మీ అనుమానం సరైనదే. వార్నిష్ వద్దు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు.

బూడిద రంగుకు కంగారుపడకండి. ఎండకు చెక్క పైపొరలో పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం చెడిపోతుంది, నీళ్లు దాన్ని కడిగేస్తాయి, మిగిలిన పోగులు వెండి రంగుకు తిరుగుతాయి. ఆ పొర చాలా పలచన. కింద టేకు చెక్కుచెదరకుండా ఉంటుంది. గట్లు మాత్రం పట్టించుకోవలసినవే. చెక్క వలయాల్లో మెత్తని భాగం అరిగిపోయి, గట్టి భాగం పైకి నిలిచింది. పాత యజమాని గట్టి బ్రష్షుతోనో ప్రెషర్ వాషర్‌తోనో చాలాకాలం తోమి ఉంటారు. ఇప్పుడు మీరూ అదే చేస్తే గట్లు ఇంకా లోతవుతాయి, వాటిని సాపు చేయడానికి ఇంకా గీకాలి, పట్టీ ఇంకా పలచబడుతుంది. మీకున్న ఆస్తి ఆ పట్టీల మందమే. ప్రతి పనికీ ముందు అది ఎంత తింటుందో చూసుకోండి.

మొదట బల్లను పడవ నుంచి విప్పండి. స్కీ పడవల్లో చాలావాటికి బ్రాకెట్ల దగ్గర పిన్నులో బోల్టులో తీస్తే ఊడి వస్తుంది. పని ఇంటి దగ్గర గడ్డి మీద కాకుండా కాంక్రీటు మీద చేసుకోండి. సరస్సు ఒడ్డున మాత్రం వద్దు. చుట్టుపక్కల ఊళ్లు తాగేది ఆ నీళ్లే.

కడగడానికి మార్కెట్లో రెండు సీసాల మందు దొరుకుతుంది. ఒకటి క్షారం, రెండోది దాన్ని విరిచే ఆమ్లం. నిమిషాల్లో కొత్త చెక్కలా చేస్తుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ ఆ క్షారం మెత్తని భాగాన్ని ఇంకా తినేస్తుంది. అల్యూమినియాన్నీ పడవ పైపూతనూ కూడా వదలదు. మీ బల్ల ఇప్పటికే అరిగి ఉంది కాబట్టి నేనైతే దాని జోలికి పోను. గోరువెచ్చని నీళ్లు, మామూలు డిటర్జెంటు, మెత్తని బ్రష్షు. బ్రష్షును పట్టీ పొడవున నడపకండి, అడ్డంగా నడపండి. పొడవున తోమితే కుచ్చు నేరుగా మెత్తని గీతల్లోకే దిగుతుంది.

దానికీ పోని నలుపుకు ఆక్సాలిక్ ఆమ్లం. అమెరికాలో ఇంటింటి సింకు కింద ఉండే బార్ కీపర్స్ ఫ్రెండ్ పొడిలో ఉన్నది అదే. తడి చెక్క మీద పూసి, కొంచెం సేపు ఉంచి, ధారాళంగా కడిగేయండి. చేతి తొడుగులూ కళ్లద్దాలూ తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. అది కడుపులోకి పోతే విషం. ఏ బ్లీచుతోనూ కలపవద్దు.

పాత ఉయ్యాల:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రాజమండ్రిలో మా ఇంట్లో ముత్తాతల నాటి టేకు ఉయ్యాల బల్ల ఉంది. ఏటా అవిసె నూనె పట్టిస్తారు. ఇవాళ్టికీ నిగనిగలాడుతుంది. దుకాణాల్లో టేక్ ఆయిల్ అని ప్రత్యేకంగా అమ్ముతున్నారు కూడా. నూనె రాస్తే సరిపోయేదానికి ఇంత ఆలోచన ఎందుకు?

పడవ మరమ్మతు:
మీ ఉయ్యాల హాల్లో ఉంది కాబట్టి నిగనిగలాడుతోంది. దానికి ఎండ లేదు, వాన లేదు. టేక్ ఆయిల్ అంటే టేకు నుంచి తీసిన నూనె కాదు. ఎక్కువభాగం అవిసె నూనో, టంగ్ అనే చెట్టు గింజల నూనో, దాన్ని పలచబరిచే ద్రావకాలూ. నీటి మీద అది నెలల్లోనే పోతుంది. అవిసె నూనె బూజుకు మేత కూడా. లేనియర్‌లాంటి ఉక్కపోత చోట నూనె పెట్టిన బల్ల ఒక వేసవి తిరగకుండానే నల్లబడుతుంది. మళ్లీ కడగాలి, మళ్లీ రాయాలి. కడిగిన ప్రతిసారీ చెక్క కొంత పోతుంది.

అయినా రాస్తానంటే ఒక్క మాట వినండి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గరాజులో పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉన్న గుడ్డల్లో ఆ వేడి బయటికి పోక, నిప్పురవ్వ లేకుండానే మంట లేస్తుంది. బయట ఒక్కొక్కటి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

లేనియర్ తీరం:
గుడ్డల సంగతి మాకు తెలియనే తెలియదు. మరి కడిగి ఆరాక ఉప్పు కాగితం ఎంత నంబరుదాకా పట్టాలి? స్క్రూల చుట్టూ ఉన్న నల్లచారలూ బూజేనా?

మూడు తరాల వడ్రంగం:
ఇది నేను చెప్తాను. పడవలు నాకు తెలియవు గానీ టేకు తెలుసు.

పూర్తిగా ఆరనివ్వండి. తడి చెక్క మీద ఉప్పు కాగితం పడితే పొడి ముద్దకట్టి కాగితమే పాడవుతుంది. 80 నంబరుతో గట్ల తలలు మాత్రం తీయండి, లోయ అడుగుదాకా వెళ్లాలని పట్టుదల వద్దు. తర్వాత 120. అక్కడ ఆపేయండి. తలుపుకైతే ఇంకా నునుపు అడుగుతాను, తడికాళ్లు మోపే చోట కొంచెం గరుకు ఉండాలి. చిత్రిక పట్టాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టేకులో సిలికా ఉంటుంది, ఉలి అంచూ చిత్రిక అంచూ తొందరగా మొండివవుతాయి, పైగా ఒక్క తోపుకు పోయే మందం ఎక్కువ. మూతికి మాస్కు కట్టుకోండి. టేకు పొడి కొందరికి దద్దుర్లు, ఉబ్బసం తెస్తుంది.

స్క్రూల చుట్టూ ఉన్నది ఇనుము మరక అయి ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఎవరో మామూలు ఉక్కు స్క్రూలు వేశారన్నమాట. 316 రకం స్టెయిన్‌లెస్ దాదాపు అంటుకోదు. ఉక్కువన్నీ తీసి 316 రకమో సిలికాన్ కంచువో వేసుకోండి. మరక ఆ ఆక్సాలిక్‌తోనే పోతుంది.

ఊడిన బిరడాల చోట లప్పం పెట్టవద్దు, ఎండకు విరిగి లేచిపోతుంది. టేకు బిరడాలు విడిగా అమ్ముతారు. బిరడా గీతలు పట్టీ గీతలతో ఒకే దిక్కుకు ఉండేట్టు తిప్పి పెట్టండి. పైకి మిగిలింది ఉలితో ఒక్క దెబ్బకు కొట్టేయకండి, గీత వాలును బట్టి లోపలికి చీలవచ్చు. ముందు కొంచెం పైనే కోసి, చీలిక ఎటు పోతోందో చూసి, రెండోసారి సమం చేయండి. పలచబడిన చోట స్క్రూ తల పైకి కనబడుతుంటే గుంతను ఇంకాస్త లోతు చేస్తే తప్ప బిరడా నిలవదు.

పగిలిన పట్టీకి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) చాలు, పగులు స్క్రూల మీదుగా పోకపోతే. టేకులోని సహజ నూనె జిగురును పట్టనివ్వదు, కాబట్టి పగులు లోపల అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే ఎపాక్సీ పెట్టి బిగించండి. రేపు చూద్దాం అంటే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

లేనియర్ తీరం:
ధన్యవాదాలండీ. ఒకవేళ పట్టీ మార్చాల్సే వస్తే, ఇండియా నుంచి వచ్చేవారితో ఆదిలాబాద్ టేకు ముక్క తెప్పించుకుందామని బావగారి ఆలోచన!

మూడు తరాల వడ్రంగం:
ఆదిలాబాద్ టేకు అంటే మాకూ అభిమానమే. కానీ ఒక్క పట్టీ కోసం ఎందుకండీ ఆ తిప్పలు.

పడవ మరమ్మతు:
కస్టమ్స్ దగ్గర కూడా చిక్కే. అక్రమంగా సేకరించిన వన్యప్రాణులు, మొక్కల వ్యాపారాన్ని నిషేధించే అమెరికా లేసీ చట్టాన్ని 2008లో కలపకూ వర్తింపజేశారు. చెక్క ఎక్కడిదో, చట్టప్రకారం కొట్టిందో కాదో చెప్పగలగాలి. అడవి టేకు ఎక్కువగా వచ్చేది మయన్మార్ నుంచి, అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద 2021లో అమెరికా ఆంక్షలు పెట్టింది, కాబట్టి పాత అడవి టేకు కావాలంటే విప్పేసిన పాత పడవల చెక్కే నయం. తోటల్లో తొందరగా పెంచిన టేకు కూడా వాడవచ్చు, కాకపోతే చేవ తక్కువ ఉన్న ముక్క రాకుండా చూసి తీసుకోండి.

ఇక పూత సంగతి. రెండే దారులు చెప్తాను. ఒకటి, ఏమీ వేయకపోవడం. అప్పుడప్పుడు సబ్బునీళ్లతో కడుగుతూ వెండి రంగుకు తిరగనివ్వండి. తడిసినా కాలు జారదు, చెక్కకు నష్టం లేదు. నా ఓటు దీనికే. రెండు, బంగారు రంగు కావాల్సిందే అంటే నీటి ఆధారిత టేకు సీలరు. పైన పొరలా నిలవదు కాబట్టి పెచ్చులూడదు, వెలిసినప్పుడు కడిగి మళ్లీ రాసుకోవచ్చు. వార్నిష్ అయితే ఎన్నో పూతలు పడాలి, తడిస్తే జారుతుంది, ఒక్కచోట గీత పడినా నీరు కిందికి దూరి అక్కడ చెక్క నల్లబడుతుంది. అప్పుడు మొత్తం గీకాల్సిందే. బావగారికి వార్నిష్ మీద అంత మోజుంటే స్టీరింగ్ దగ్గరి చెక్కకు వేయించండి.

బల్ల విప్పినప్పుడే బ్రాకెట్లు చూడటం మరవకండి. నిజానికి మీ బల్ల కన్నా నాకు వాటి మీదే బెంగ. ఆ బోల్టులు పడవ వెనక గోడలోంచి దూరి ఉంటాయి. పాత పడవల్లో ఆ గోడ మధ్య చెక్క ఉండే అవకాశం ఎక్కువ. ఒక బోల్టు తీసి చూడండి. గోధుమ రంగు నీరు కారినా, సుత్తి పిడితో తట్టితే మిగతా చోట ఖణేలుమని ఇక్కడ బొదబొదమన్నా, లోపల కుళ్లు మొదలైనట్టే. అప్పుడు బల్ల పని ఆపి అది చూపించుకోండి. పొడిగా ఉంటే నీరు దూరకుండా బోల్టు చుట్టూ పెట్టిన పాత సీలెంటు పూర్తిగా తీసి కొత్తది పెట్టి బిగించండి. పాలీసల్ఫైడ్ రకం మంచిది. స్నానాల గదికి వాడే సిలికాన్ వద్దు, మళ్లీ ఊడిరాని శాశ్వత జిగురు రకమూ వద్దు. సీలెంటంతా పక్కలకు కారిపోయేంత బలంగా బిగించకండి.

లేనియర్ తీరం:
పట్టీల మధ్య సందులు కూడా నింపాలా? ఒకాయన నల్లటి రబ్బరు సీలెంటు పెట్టమన్నారు.

పడవ మరమ్మతు:
వద్దు. అది డెక్కుల మీది పద్ధతి. మీ బల్లకు సందులుండేది నీళ్లు కిందికి పోవడానికే.

చెక్కతో సంబంధం లేని మాట ఒకటి, పిల్లలున్నారన్నారు కాబట్టి. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ బల్ల మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, దాన్ని పట్టుకుని వెనక నీళ్లలో తేలనివ్వకండి. పొగగొట్టం సరిగ్గా దాని కిందే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పి నీళ్లలోకి జారిపోతాడు. బల్ల పట్టుకుని వేలాడటాన్ని కాలిఫోర్నియా 2005 నుంచే నిషేధించింది. తాళంచెవి తిప్పి ఇంజను ఆపాకే నిచ్చెన దించండి.