రిస్క్ తీసుకునే గుణాన్ని పరీక్ష పెట్టి కొలవడం సరైనదేనా?

సేఫ్టీ_ఆఫీసర్:
కొత్తగా చేరేవాళ్లకు ఒక ప్రశ్నావళి ఇద్దామంటున్నారు మా మేనేజ్‌మెంట్ వాళ్లు. ఎవరికి తెగింపు ఎక్కువో ముందే తెలిస్తే ప్రమాదాలు తగ్గుతాయట. నాకూ సబబుగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

ఫిట్టర్:
నేను ఒప్పుకోనండి. పద్దెనిమిదేళ్లుగా మెయింటెనెన్స్‌లో ఉన్నాను. రేకులు నొక్కే మా ప్రెస్సు మెషిన్‌కు రక్షణగా ఉండే గార్డు తలుపు తెరిస్తే, ఒక స్విచ్ వల్ల మెషిన్ ఆగిపోవాలి. ఒకరోజు చూస్తే, తలుపు తెరిచినా మెషిన్ ఆగకుండా ఆ స్విచ్‌కు టేపు చుట్టి ఉంది. చుట్టినవాడు మా అందరిలోకీ నెమ్మదస్తుడు, రోడ్డు దాటాలన్నా పదిసార్లు అటూ ఇటూ చూసే మనిషి. ఎందుకురా అంటే, "రేకు ఇరుక్కున్నప్పుడల్లా ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తూ కూర్చుంటే టార్గెట్ ఎలా అవుతుందన్నా?" అన్నాడు. నిజమే, షిఫ్టుకు ఇరవైసార్లైనా ఇరుక్కునేది. రేకును లోపలికి పంపే ఫీడర్‌ను బాగుచేశాక మళ్లీ ఎవరూ టేపు జోలికి పోలేదు. అతన్ని ఏ ప్రశ్నావళి పట్టుకునేది?

సైకాలజీ_విద్యార్థిని:
2002లో వచ్చిన డాస్పర్ట్ ప్రశ్నావళి రిస్క్‌ను ఐదు రకాలుగా విడదీసి అడుగుతుంది: డబ్బు, ఆరోగ్యం-భద్రత, వినోదం, నీతి, నలుగురిలో నడుచుకునే తీరు. షేర్లలో ఉన్నదంతా పెట్టేవాడు బెల్టు లేకుండా ఎత్తు ఎక్కకపోవచ్చు. అదే ఏడాది బెలూన్ పరీక్ష కూడా వచ్చింది. తెరమీద బెలూన్ ఊదేకొద్దీ డబ్బు పెరుగుతుంది, పేలితే దానిమీద వచ్చింది పోతుంది. 2017లో 1,507 మందిపై చేసిన అధ్యయనంలో, ప్రశ్నలకు చెప్పిన జవాబులకూ ఇలాంటి ఆటల్లో ప్రవర్తనకూ పెద్దగా పొంతన కుదరలేదు. పైగా ఉద్యోగం దానిమీదే ఆధారపడితే జవాబులు నిజాయితీగా ఎవరు రాస్తారు?

సేఫ్టీ_ఆఫీసర్:
మరి 1919లో గ్రీన్‌వుడ్, వుడ్స్ అనే పరిశోధకులు బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల లెక్కలు తీసి, కొద్దిమందికే పదేపదే ప్రమాదాలు జరిగాయని చూపించారు కదా?

సైకాలజీ_విద్యార్థిని:
చూపించారు. కానీ మనిషికీ మనిషికీ తేడా ఉందని తేలడం వేరు, ఆ తేడా తెగింపు వల్లే అనడం వేరు. ఆ లెక్కల్లో రెండోదానికి రుజువు లేదు. అయితే కొలవడమే తప్పని నేను అనను. ఫలితం ఆ మనిషి చేతికే ఇచ్చి, ట్రైనింగ్‌లో మాట్లాడుకోవడానికి వాడితే మేలే.

ఫిట్టర్:
ఫైల్లోకి ఎక్కిందంటే మాత్రం తృటిలో తప్పిన ప్రమాదాల గురించి ఎవరూ నోరు విప్పరు. "వాడు అసలే రిస్కీ" అనే ముద్ర ఎవరికి కావాలి?

సేఫ్టీ_ఆఫీసర్:
సరే, ఫలితాలు ఎవరి చేతికి వెళ్తాయో రేపటి మీటింగ్‌లో ముందు అదే అడుగుతాను. ఫిట్టర్ గారూ, ఆ ఫీడర్‌లో ఏం మార్చారో కాస్త వివరంగా రాస్తారా? మా ప్రెస్సు దగ్గరా రేకు ఇరుక్కుంటోంది.