2.8 కేవీఏ జనరేటర్ మీద 1 హెచ్‌పీ బోరు మోటారు లేవడం లేదు, ఏం చేయాలి?

కడప పక్క పల్లె మాది. గాలివానకు స్తంభాలు ఒరిగితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, అందుకే పెట్రోలు జనరేటర్. 230 వోల్టుల దగ్గర లెక్కకు 12 ఆంపియర్లు ఇవ్వాలి. ఫ్రిజ్, ఫ్యాన్లకు ఢోకా లేదు. సింగిల్ ఫేజ్ బోరు మోటారు వేస్తేనే తంటా. నడిచేటప్పుడు 7.5 ఆంపియర్లే గానీ, స్టార్టింగులో దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది కదా, వోల్టేజీ 150కి పడి ట్రిప్ అవుతోంది. మిగతా లోడంతా తీసేసినా అంతే. స్టార్టర్ డబ్బాలో కెపాసిటర్లు కొత్తవే. సాఫ్ట్ స్టార్టర్ (మోటారును మెల్లగా లేపే పరికరం) పనికొస్తుందా, 5 కేవీఏకి పోవాల్సిందేనా?

ఇంకొకటి. కరెంటు వెనక్కి లైనులోకి పోకుండా ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే చేంజోవర్ స్విచ్ వేశాం (లైన్‌మన్ ప్రాణంతో చెలగాటం వద్దు). మరి జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్తుకు కలపాలా? కలపకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ట్రిప్ అవదంటున్నారు. తెలిసిన అన్నలు చెప్పండి.