కాన్సస్ చిన్న ఊరి వారపత్రికను చూశాక వచ్చిన సందేహం: మన సరిహద్దు ఊళ్ల వార్తలను తెలుగులో ఎవరు రాయాలి?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నేను తపాలా శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, మేరియన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) పక్కనే ఉన్న ఓ చిన్న ఊళ్లో ఉంటున్నారు. నిరుడు వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లి వాళ్ల దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాం. కనుచూపు మేరంతా గోధుమ చేలు, ఊరి మొగలో మేడల్లాంటి ధాన్యపు గోదాములు, ఒకే ఒక్క పెద్ద వీధి. జనాభా రెండు వేలు దాటదు. పగలు పిల్లలిద్దరూ ఉద్యోగాలకు పోతే మాకు పొద్దు గడిచేది కాదు. ఆ సమయంలో నాకు తోడు దొరికింది ఆ ఊరి వారపత్రిక.

అది తపాలాలోనే ఇంటికి వచ్చేది. తపాలావాణ్ని కనుక నేను ముందు చూసింది వార్తలను కాదు, మూలన అంటించిన చిరునామా చీటీని. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని మెల్లగా చదవడం అలవాటయింది. మంచినీటి గొట్టాలు మార్చడానికి ఎంత అప్పు తేవాలన్న విషయంపై ఊరి కౌన్సిల్లో ఎవరు ఏమన్నారో మొదటి పుటలో పూర్తిగా రాశారు. లోపలి పుటల్లో, వచ్చే వారం బడిలో పిల్లలకు ఏ రోజు ఏం వడ్డిస్తారో, ఏ చర్చిలో భోజనాలున్నాయో, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) కార్యాలయానికి ఎవరు ఎందుకు ఫోన్ చేశారో ఉంటాయి. రాత్రి పదకొండింటికి రోడ్డెక్కిన మూడు ఆవులను యజమాని వచ్చి తోలుకుపోయాడన్నది ఒక వార్త. మొదట నవ్వొచ్చింది. నాలుగో వారానికల్లా ఆ ఆవులు ఎవరివని మా అల్లుణ్ని నేనే అడగడం మొదలుపెట్టాను.

నేను ఎక్కువసేపు చదివింది మృతుల పుట. తొంభై ఏళ్ల రైతు ఒకాయన పోతే, ఆయన ఏ ఏడు మొదటి ట్రాక్టరు కొన్నాడో, చర్చి గాయక బృందంలో ఎన్నాళ్లు పాడాడో, ఏ మనుమరాలికి చేపలు పట్టడం నేర్పాడో అరపుట నిండా రాశారు. మా ఊళ్లో మనిషి పోతే కరెంటు స్తంభానికి ఓ ఫ్లెక్సీ కడతారు. పదమూడో రోజు దాటాక అది ఎవరి పాక మీదికో పైకప్పుగా వెళ్లిపోతుంది.

ఇంటికి వచ్చాక నాకు తట్టిన సంగతి ఏమిటంటే, మా ఊరి వార్తలు తెలుగులో చదువుకునే దారే మాకు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాతో పాటు ఒడిశాలో ఉన్న మా గజపతి జిల్లా కూడా దారుణంగా దెబ్బతిన్నది. మా ఇంటికి వచ్చే తెలుగు దినపత్రికలో ఆ వారమంతా శ్రీకాకుళం జిల్లా కబుర్లే ఉన్నాయి. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నంలో ఎన్ని ఇళ్లు కూలాయో తెలిసింది గానీ మా వెనక వీధిలో ఏం జరిగిందో తెలియలేదు. అదంతా ఒడియా పత్రికల్లో వచ్చింది. అవి మా అబ్బాయి చదవగలడు, నేను చదవలేను.

నేను అడగదలచిందల్లా ఒక్కటే. రెండు వేల మంది ఉన్న ఊరు పత్రికను ఎలా పోషించుకుంటోంది? అటువంటిది, నాలుగు పుటలే కానివ్వండి, పక్షానికి ఒకసారే కానివ్వండి, మన ఊళ్లో తెలుగులో నడపడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: హేస్ పాత విద్యార్థి (బరంపురం)

నమస్కారమండీ. నేను కాన్సస్ పశ్చిమ భాగంలోని హేస్ పట్టణంలో రెండేళ్లు చదువుకున్నాను, కనుక మీరు చెప్పిన పుటలన్నీ నాకు కళ్లకు కట్టాయి. పోషణ సంగతి ముందు చెబుతాను. అక్కడ ఊరి బడ్జెట్టు, కొత్త శాసనాలు, వేలం నోటీసులు వంటివాటిని ఊరి పాలకులు అధికారిక పత్రికగా ఎంచుకున్నదానిలో డబ్బు చెల్లించి ప్రకటించే పద్ధతి ఉంది. దానికి చందాలు, ట్రాక్టర్ల అంగడివాళ్ల ప్రకటనలు, అంత్యక్రియల నిర్వాహకుల ప్రకటనలు తోడవుతాయి. లాభం పెద్దగా ఉండదు. చాలాచోట్ల సంపాదకుడే విలేఖరి, ఆయనే ఫొటోగ్రాఫరు.

అయినా ఆ చిన్న పత్రికల వెనుక ఒక పరంపర ఉంది. కాన్సస్‌లోని ఎంపోరియా పట్టణపు పత్రిక ఎంపోరియా గెజిట్‌ను 1895లో మూడు వేల డాలర్లకు కొన్న విలియం అలెన్ వైట్, ఆ చిన్న పట్టణాన్ని వదలకుండానే 1923లో సంపాదకీయానికి పులిట్జర్ బహుమతి పొందాడు.

మీరు పక్క కౌంటీలోనే ఉండి వచ్చారు కాబట్టి మేరియన్ కౌంటీ రికార్డ్ సంగతి వినే ఉంటారు. 1869 నుంచి వస్తున్న వారపత్రిక అది. ఊరి జనాభా పందొమ్మిది వందల చిల్లర. ఒక వ్యాపారికి సంబంధించిన డ్రైవింగ్ రికార్డు తమకు అందితే, అది నిజమా కాదా అని ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకుని, ప్రచురించకుండా ఆపి, పోలీసులకు కూడా తెలియజేశారు. ఆ సరిచూసుకోవడాన్నే నేరంగా అనుమానించి, 2023 ఆగస్టు 11న పోలీసులు పత్రిక కార్యాలయాన్నీ ప్రచురణకర్త ఎరిక్ మేయర్ ఇంటినీ సోదా చేసి కంప్యూటర్లు, ఫోన్లు పట్టుకుపోయారు. ఇంట్లో ఉన్న ఆయన తల్లి జోన్ మేయర్, తొంభై ఎనిమిదేళ్ల మనిషి, ఆ పత్రికకు సహ యజమాని, మర్నాడే కన్నుమూశారు. చేతిలో కంప్యూటర్లు లేకపోయినా సిబ్బంది రాత్రంతా కూర్చుని, నోరు మూయించలేకపోయారన్న అర్థం వచ్చే పెద్ద శీర్షికతో ఆ వారం సంచికను బయటికి తెచ్చారు. అదే వారంలో కౌంటీ తరఫు ప్రభుత్వ న్యాయవాది వారంటును వెనక్కి తీసుకుని వస్తువులు తిరిగి ఇప్పించాడు. అక్టోబరులో పోలీసు అధిపతి రాజీనామా చేశాడు. 2025 నవంబరులో కౌంటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆవులు రోడ్డెక్కిన వార్తా, కౌన్సిల్ అప్పు వార్తా ఒకే చేతి మీదుగా నడిచేచోట, సంపాదకుడికీ అధికారికీ రోజూ ఒకే హోటల్లో కాఫీ తాగక తప్పదు. పెద్ద నగరపు పత్రికకు లేని చిక్కు ఇదే.

జవాబు: పాత అచ్చుపనివాడు (బరంపురం)

తమ్ముడు చెప్పినదంతా బాగుంది. ఇక ఇక్కడి సంగతులు నేను చెబుతాను. నలభై ఏళ్లు ముద్రణాలయం నడిపాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, రెండు మూడు సాహిత్య సంచికలు వేశాను.

మహేంద్రతనయ గారూ, వార్తలు ఉన్న దేనినైనా నియమిత కాలానికి ఒకసారి వేయదలిస్తే నమోదు తప్పదు. పూర్వం 1867 నాటి చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇచ్చేవాళ్లం. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. శీర్షిక ముందుగా మూడు నాలుగు అనుకుని పెట్టుకోండి, ఎందుకంటే మీరు ముచ్చటపడిన పేరు మరెవరో ఎప్పుడో తీసుకుని ఉంటారు. పరువునష్టం సంగతి మరువకండి. కొత్త భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షను. నిజమే రాశానని మీకు తెలిసినంత మాత్రాన సరిపోదు, చూపించడానికి కాగితం ఉండాలి. మేరియన్ వాళ్లను గట్టెక్కించింది కూడా సరిచూసుకునే అలవాటేనని నా ఉద్దేశం.

అసలు కష్టం మరొకటి ఉంది. ఈ ప్రాంతంలో తెలుగు కంపోజు చేసే కుర్రాళ్లు దొరకడం లేదు. ఉన్నవాళ్లు ఒడియా బడిలో చదివినవాళ్లు; మాట తెలుగే, చేతికి మాత్రం తెలుగు ఒత్తులు అలవాటు లేదు. నిరుడు ఒక శుభలేఖలో 'ఆహ్వానం' అన్న మాట 'ఆవ్హానం'గా అచ్చయి ఐదు వందల ప్రతులు చెత్తలోకి పోయాయి. ఆ నష్టం నాదే.

పర్లాకిమిడి పేరు ఎత్తితే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు! ఆ ఊళ్లో బడి పంతులుగా ఉంటూనే జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడినవారు, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మీరు వేసే పత్రికలో నాలాగా ఇంత బిగుసుకుపోయిన భాష రాయకండి.

జవాబు: వంశధార గట్టు (గుణుపురం)

పెద్దలకు నమస్కారం. నేను అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. అందరూ పత్రిక ఎలా అచ్చువేయాలో చెబుతున్నారు గాని, ఎవరు చదువుతారో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో మా అత్తగారు తెలుగు చదువుతారు, ఒడియా రాదు. నేను రెండూ కూడబలుక్కుని చదువుతాను. మా పిల్లలిద్దరికీ ఇంట్లో మాట తెలుగే, తిట్టుకోవడం కూడా తెలుగులోనే. చదవడం మాత్రం ఒడియా, ఇంగ్లీషు. ఇక ఆ నాలుగు పుటలూ మా అత్తగారి వయసువాళ్లకే కదా. వాళ్లకు కళ్లజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు ఆనవు.

వాట్సాప్ గుంపులు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. మా గుంపులో మొన్న వర్షాకాలంలో వంశధార వంతెన మీద నీళ్లు వచ్చాయని ఒక వీడియో తిరిగితే, సగం మంది పిల్లలను బడికి పంపలేదు. తీరా చూస్తే ఆ వీడియో ఏ ఊరిదో, ఎన్నేళ్ల కిందటిదో! మండీలో (ధాన్యం కొనుగోలు కేంద్రంలో) ధాన్యం టోకెన్ల సంగతి కూడా అంతే. తేమ పదిహేడు శాతం లోపు ఉండాలన్న నిబంధన అందరికీ తెలుసు. కట్నీ-ఛట్నీ పేరుతో బస్తాకు ఎవరికి ఎంత కోత పెట్టారో మాత్రం ఎవరి నోట విన్నా ఒక్కో లెక్క వస్తుంది. ఆ లెక్కను ఒకచోట పేర్చి రాసే మనిషి ఉంటే నేను కచ్చితంగా చందా కడతాను. కానీ అది మా అబ్బాయి కూడా చదవగలిగేలా ఉండాలి.

జవాబు: హేస్ పాత విద్యార్థి (బరంపురం)

అక్కా, మీరు వేసిన ప్రశ్నకు ఆ మేరియన్ కౌంటీలోనే ఒక జవాబు ఉంది, అది సంతోషించదగ్గది మాత్రం కాదు. 1874లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఉక్రెయిన్ ప్రాంతం నుంచి మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతులు అక్కడికి వలస వచ్చారు. చలికాలాన్ని తట్టుకునే టర్కీ రెడ్ అనే ఎర్ర గోధుమ విత్తనాన్ని కాన్సస్‌కు తెచ్చింది వాళ్లేనని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మాట్లాడేది జర్మన్ కనుక, అదే కౌంటీలోని హిల్స్‌బరోలో జర్మన్ పత్రికలు వెలువడేవి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ భాష మీద ద్వేషం పెరిగింది, బడి చదువు ఇంగ్లీషులోకి మారింది, పిల్లలు చదవడం మానేశారు, పత్రికలూ పోయాయి. గోధుమ మిగిలింది.

మనది అంత కఠినమైన పరిస్థితి కాదు, ఇక్కడ మన మీద ఎవరికీ ద్వేషం లేదు. అయినా క్రమం మాత్రం అదే. అందుకని ఒకే వార్తను పక్కపక్కన రెండు లిపుల్లో వేస్తే ఎలా ఉంటుంది? భాష తెలుగే, కానీ కుడివైపు ఒడియా అక్షరాలతో. అత్తగారు ఎడమవైపు చదువుకుంటారు, అబ్బాయి కుడివైపు.

జవాబు: పాత అచ్చుపనివాడు (బరంపురం)

ఒడియా లిపిలో తెలుగు రాయవచ్చు గాని ఖర్చు రెట్టింపవుతుంది, నాలుగు పుటల్లో రెండు పుటల వార్తలే పడతాయి. దానికన్నా ముందు గోడపత్రికగా మొదలుపెట్టండి. పెద్ద అక్షరాలు, ఒకే కాగితం, రామమందిరం అరుగు మీద ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి. ఊళ్లో ఎవరో ఒకరు పైకి చదువుతారు. చదవడం రానివాళ్లు వింటారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. గుణుపురం అమ్మాయి అన్న మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే మా అబ్బాయికి కూడా తెలుగు చదవడం రాదు. ఆ తప్పు బడిది అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను, కానీ సాయంత్రం పూట పక్కన కూర్చోబెట్టుకుని ఒత్తులు దిద్దించనివాణ్ని నేనే.

గోడపత్రికే వేద్దామని నిశ్చయించుకున్నాను. నమోదు అవసరమో కాదో తెలిసిన వకీలును అడిగి వస్తాను. మొదటి కాగితంలో మూడు విషయాలు పెట్టాలని ఉంది. ఈ నెలలో మా వీధిలో పోయిన ఇద్దరి గురించి, ఒక్కొక్కరికి పది వాక్యాలు. వారిలో ఒకాయన పర్లాకిమిడి–నౌపడా చిన్న రైలు మీద టీ అమ్మినవాడు, 1900లో మొదలైన ఆ సన్న పట్టాల మీది ప్రతి మలుపూ ఆయనకు తెలుసు. రెండోది, మండీలో ఎవరి ధాన్యానికి ఎంత కోత పడిందో, రసీదు చూపించినవారివి మాత్రమే. మూడోది ఒడియా అక్షరాలలో నాలుగు వరుసలు, కుర్రాళ్లకోసం; అది రాసిపెట్టమని మా అబ్బాయిని అడిగాను. వాడు సరేనన్నాడు గాని, ఏం రాయాలో నోటితో చెప్పమన్నాడు. నిన్న రాత్రి చెప్పాను, రాశాడు. టీ అమ్మిన ఆయన పేరు దగ్గర ఆగి, ఈయన ఎవరని అడిగాడు.

అచ్చుపని పెద్దాయనా, అక్షరం ఎంత పరిమాణంలో ఉంటే ఎనిమిది అడుగుల దూరం నుంచి కనిపిస్తుందో చెప్పగలరా?