సెకండ్ హ్యాండ్ బలెనో ఆర్‌ఎస్: బ్రేక్ రీకాల్ సంగతి ఎలా తెలుసుకోవాలి?

అన్నా, కావలిలో 2018 మారుతి బలెనో ఆర్‌ఎస్ కారు చూశాను. బాగా నచ్చింది, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ఒంగోలు నుంచి నెల్లూరుకి వారానికి రెండుసార్లు హైవే మీద పిల్లలతో తిరగాలి, బ్రేకులకి రీకాల్ వచ్చిందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: నిజమే తమ్ముడూ. 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 ఆర్‌ఎస్ బళ్లను వెనక్కి పిలిచింది, 2016 అక్టోబర్ 27 నుంచి 2019 నవంబర్ 1 వరకు తయారైనవి. బ్రేకుకి సాయపడే వ్యాక్యూమ్ పంపులో లోపం ఉంటే పెడల్ మామూలు కంటే గట్టిగా తొక్కాల్సి వస్తుంది. ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడు, పంపు మార్చిన సర్వీస్ కాగితం కూడా అడుగు, నోటిమాట నమ్మొద్దు.

జవాబు 2: బండి దగ్గర ఇంకోటి చెయ్. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే రాయిలా బిగుస్తుంది, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్, పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే మెకానిక్‌కి చూపించకుండా కొనొద్దు.

జవాబు 3: అది టర్బో ఇంజన్, ఆయిల్ టైముకి మార్చారో లేదో బిల్లులు చూడండి.

అడిగినవాడిని: థాంక్స్ అన్నా, ఆదివారం ఆర్‌సీ పట్టుకుని వెళ్తాను.