ఈరీ కాలువ ఎవరి ఘనత? సర్కారుదా, వలస కూలీలదా?

హడ్సన్‌వాసి:
"అమెరికాను కట్టింది ఐరిష్ కూలీలే" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. ఈరీ సరస్సును హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువ చూడండి. 1817లో మొదలై 1825లో పూర్తయింది. 363 మైళ్లు, 83 లాకులు, సుమారు 70 లక్షల డాలర్లు. కేంద్రం పైసా ఇవ్వలేదు. రోడ్లకూ కాలువలకూ నిధులిచ్చే బిల్లును అధ్యక్షుడు మాడిసన్ వీటో చేశాడు. న్యూయార్క్ రాష్ట్రమే బాండ్లు అమ్మి కట్టింది. బఫెలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు కిరాయి వంద డాలర్ల నుంచి పది దాకా దిగింది. ఆ ఘనత అప్పటి రాష్ట్ర గవర్నర్ డివిట్ క్లింటన్‌ది. పైగా తవ్వినవాళ్లలో ముప్పాతిక మంది స్థానికులేనని, అంటే ఇక్కడే పుట్టినవాళ్లేనని, 1819లో కాలువ కమిషనర్లే చెప్పారు.

పాలమూరు బిడ్డ:
1819 లెక్క చెప్పినవ్ గదా అన్నా, అదే ఏడు కాలువ దారిలున్న మాంటెజుమా బురదల వెయ్యిమంది దాంక జ్వరాలతోని పడ్డరు, అది చెప్పవేంది? తర్వాత లాక్‌పోర్ట్ కాడ కాలువ కోసం బండ పేల్చింది ఎవరు, ఐరిష్ కూలీలు గాదా? మా నాయిన్ను గుంపు మేస్త్రీ అడ్వాన్సిచ్చి పక్క రాష్ట్రం డ్యాం పనికి తీస్కపోయిండు. పని ఒడిసినంక లెక్క జూస్తే అడ్వాన్సే తీరలేదన్నడు. గాడ శిలాఫలకం మీద మంత్రి పేరుంది.

రేపల్లె రమణి:
పెన్సిల్వేనియాలోనూ కాలువ ఐరిష్ కూలీలే తవ్వారండీ. అక్కడ పడవల్ని పట్టాల మీద కొండ ఎక్కించాల్సి వచ్చింది, 1842లో రాష్ట్రం అప్పుల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. న్యూయార్క్‌కు కొండల మధ్య దారిచ్చే మోహాక్ లోయ కలిసొచ్చింది. సర్కారుదీ కాదు, కూలీలదీ కాదు, నేలవాటం.

చెరువుగట్టు:
ఆ నేల అక్కడి మూలవాసులైన హొడెనొషోనీ తెగలది. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

హడ్సన్‌వాసి:
మీ నాన్నగారి కష్టం కాదనను. నేనడిగింది ఒక్కటే: ముప్పాతిక మంది స్థానికులు, అవునా కాదా?

పాలమూరు బిడ్డ:
ముప్పాతిక, ముప్పాతిక! తొలి రెండేండ్ల లెక్క పట్టుకొని ఎనిమిదేండ్ల పనికి తీర్పు చెప్తున్నవ్. అసలు నీ మాటేందన్నా? కూలి ఇచ్చిండ్రు, లెక్క తీరింది, అంతేనా?

హడ్సన్‌వాసి:
అవును, అంతే. ఏళ్ల తరబడి ఇక్కడ పన్నులు కడుతూ గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాను. చేసిన పనికి జీతం వచ్చింది. ఈ దేశం నాది అనే హక్కు దాంతో రాదు.

పాలమూరు బిడ్డ:
వస్తది! నువ్వు అడగవు గనకనే వరసల నిలబెట్టిండ్రు. 1844ల ఫిలడెల్ఫియాల ఐరిష్‌వాళ్ల చర్చీలు తగలబెట్టినోళ్లు గూడ గిదే అన్నరు, పనికొచ్చిండ్రు గానీ మనోళ్లు గాదని.

హడ్సన్‌వాసి:
నన్ను వాళ్లతో కలపకండి. ఐరిష్‌వాళ్లకు పౌరసత్వం మట్టి తవ్వినందుకు రాలేదు. తెల్లవాళ్లయి అయిదేళ్లుంటే చాలని చట్టం ఉంది కాబట్టి వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా ఎగుమతుల్లో పెద్దది పత్తి. దాన్ని పండించిన బానిసలకు ఆ చట్టం ఏమిచ్చింది? చెమటతోనే హక్కు వచ్చేదైతే ముందు వాళ్లకు రావాలి.

పాలమూరు బిడ్డ:
రావాలె. నేను గూడ గదే అంటున్న. రాలేదంటే తప్పు చట్టానిదన్నా, చెమటది గాదు.