ఫ్లై ఫిషింగ్ నేపథ్యంగా తెలుగు నవల: అచ్చుకు ముందు సలహా కావాలి

ప్రశ్న (లిద్దర్_రచయిత):

నమస్కారం. కశ్మీర్‌లోని లిద్దర్ నది ఒడ్డున ఫ్లై ఫిషింగ్ (పురుగును పోలిన కృత్రిమ ఎరతో గాలం వేయడం) నేర్చుకునే ఒక తెలుగు బ్యాంకు ఉద్యోగి కథను నవలగా రాశాను. డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నాటికి దానిని సొంతంగా అచ్చు వేయించాలని సంకల్పం. భార్య పోయిన తరువాత అందరినీ తప్పించుకు తిరుగుతూ అనంతనాగ్‌కు బదిలీపై వెళ్లిన కథానాయకుడికి, పహల్గామ్‌లో ఉండే మత్స్యశాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు ఈ విద్య నేర్పుతారు. చిత్తుప్రతి చదివిన మిత్రులలో ఒకరు, గాలం విసిరే పద్ధతిని వివరించిన మూడో అధ్యాయాన్ని పూర్తిగా తీసివేయమన్నారు. మరొకరు పుస్తకానికి ప్రాణం అదేనన్నారు. గాలానికి వానపామును గుచ్చి చెరువుగట్టున కూర్చోవడమే తెలిసిన మన పాఠకులకు ఈ వివరాలు ఎంతవరకు అవసరం? చివరి అధ్యాయంలో, జనవరి మంచులో గురుశిష్యులిద్దరూ కలిసి పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపను పడతారు. అందులో అభ్యంతరం ఏమైనా ఉందా?

జవాబు 1 (ఏటి_గాలం):

చివరి అధ్యాయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. బ్రౌన్ ట్రౌట్ శరదృతువు చివర, చలికాలం తొలినాళ్లలో గుడ్లు పెడుతుంది కనుక, చలికాలంలో అక్కడ ట్రౌట్ వేటకు అనుమతి ఉండదు. పైగా నదిని బీట్లుగా విభజించి, ఏ బీట్‌లో ఎవరు గాలం వేయాలో మత్స్యశాఖే పర్మిట్ ఇచ్చి నిర్ణయిస్తుంది. ఉద్యోగమంతా ఆ పర్మిట్లు తనిఖీ చేస్తూ గడిపిన మనిషి జనవరిలో శిష్యుడిని నదిలోకి దింపాడంటే, తెలిసిన పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. ఆయన తెలిసి తెలిసీ నియమం తప్పడమే మీ కథ అయితే సరే, కానీ అందుకు తగిన కారణాన్ని ముందునుంచీ సిద్ధం చేయాలి. లేదంటే ఆ సన్నివేశాన్ని సెప్టెంబరుకు జరపండి. వేసవిలో కరిగిన మంచుతో ఉరకలు వేసిన నీరు అప్పటికి తగ్గి తేటపడుతుంది. చేపకు మనిషి నీడ కూడా కనిపిస్తుంది కనుక ఉత్కంఠ తగ్గదు సరికదా, పెరుగుతుంది.

ఇక మూడో అధ్యాయం. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఈకలు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. బరువంతా లావుపాటి గాలపు దారంలో, అంటే లైన్‌లో ఉంటుంది. రాడ్ (గాలపు కర్ర) విసిరేది ఆ లైన్‌ను, ఫ్లై దాని వెంట పోతుంది. వెనక్కి విసిరిన లైన్ గాలిలో పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. కొత్తవాళ్లకు చేతకానిది ఆ ఆగడమే. ఎవరి ఎదుటా నిలవలేక తప్పుకుని తిరిగే మీ కథానాయకుడికి అంతకంటే తగిన పాఠం దొరకదు. కాబట్టి ఆ భాగాన్ని ఉంచండి. రీలు ధర, రాడ్ పొడవు, ముడుల పేర్లు మాత్రం తీసేయండి.

కశ్మీర్‌కు బ్రౌన్ ట్రౌట్ 1900లో బ్రిటన్ నుంచి గుడ్ల రూపంలో వచ్చింది. తాను కాపాడుతూ వచ్చిన చేప కూడా పరాయిచోటు నుంచి వచ్చినదేనని గురువు నోట ఒక్క వాక్యం పలికిస్తే బదిలీపై వచ్చినవాడికి అది తగులుతుంది. అంతకుమించి చరిత్ర వద్దు.

జవాబు 2 (పులుసు_ప్రియ):

నేను గాలం ముట్టినదాన్ని కాను, కథలు చదివేదాన్ని. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయడం మీ నవలలో ఉంటే, ‘ఇంత కష్టపడి పట్టి వదిలేయడమేమిటి, పులుసు పెట్టుకోక?’ అని కథలో ఎవరో ఒకరు అడగాలి. అత్తగారు ఫోన్లో అడిగినా సరిపోతుంది. ఆ ప్రశ్నకు కథానాయకుడి దగ్గర తడుముకోని జవాబు ఉంటే మాత్రం నేను నమ్మను.

జవాబు 3 (ఏటి_గాలం):

పులుసు_ప్రియ గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. వదిలే సన్నివేశం రాసేటప్పుడు ఇది గమనించండి: పొడిచేత్తో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది కనుక, ముందు చేతులు తడుపుకోవాలి. ముల్లు లేని కొక్కెం సులువుగా వచ్చేస్తుంది. ఆ తరువాత చేప తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను చేతుల్లోంచి జారిపోయేదాకా పట్టుకోవాలి. ఒడ్డున పెట్టి ఫొటోలు తీయించే గురువును మాత్రం దయచేసి సృష్టించకండి.

జవాబు 4 (అచ్చు_పని):

అచ్చు సంగతి చెబుతాను. ఐఎస్‌బీఎన్‌ను, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్యను, కేంద్ర విద్యాశాఖ పరిధిలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. డబ్బు అడిగే మధ్యవర్తుల జోలికి వెళ్లకండి, నవంబరు దాకా ఆగకండి. ఈ-బుక్ కూడా తెచ్చే ఉద్దేశం ఉంటే దానికి వేరే సంఖ్య కావాలి. ముఖచిత్రం ముసాయిదాను ఏటి_గాలం గారి వంటి వారికి చూపించండి. చేపల నవల అనగానే బెండు కట్టిన గాలం, దాని కింద వానపాము వేసి పంపే చిత్రకారులు ఉన్నారు. పుస్తకం వెలువడిన 30 రోజులలోగా, 1954 నాటి చట్టం ప్రకారం, కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతిని, చట్టం పరిధిలోని మిగతా మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతిని పంపాలి. ఎన్ని కాపీలు వేయించాలో లెక్కవేసేటప్పుడు వాటిని కూడా కలుపుకోండి.