బీరువాలో దాచిన ఎస్‌ఎస్‌డీలో డేటా ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న: పాత కుటుంబ ఫొటోలను, పొలం దస్తావేజుల స్కాన్లను 2021లో ఒక ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) లోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. మొన్న తీసి కంప్యూటరుకు తగిలిస్తే డ్రైవ్ కనబడింది గానీ, కొన్ని ఫొటోలు సగం వరకే తెరుచుకుని, కింది భాగమంతా బూడిద రంగులో వస్తోంది. కరెంటు లేకుండా ఉంచినందువల్లనే ఇలా జరిగిందా?

జవాబు: అదే కారణం అయి ఉండవచ్చు. ఎస్‌ఎస్‌డీలో డేటా సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం కాలక్రమేణా కారిపోతుంది, వేడి పెరిగితే మరింత త్వరగా కారిపోతుంది. చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, డేటా రాసి రాసి ఆయుష్షంతా వాడేసిన మామూలు డ్రైవ్ సైతం 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు డేటాను నిలపాలి. సర్వర్ డ్రైవ్‌కైతే 40 డిగ్రీల దగ్గర 3 నెలలే. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలం ఆగుతుంది. మీది అప్పటికే బాగా వాడినదా?

ప్రశ్న అడిగినవారు: అవునండీ, పాత ల్యాప్‌టాప్ నుంచి తీసినదే. పైగా బీరువా పడమటి గోడకు ఆనుకుని ఉంది. వేసవిలో ఆ గోడ చేయి పెట్టనివ్వదు.

మరొక జవాబు: అందులోకి కొత్తగా ఏమీ రాయకుండా, చదవగలిగినదంతా ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దీర్ఘకాలం దాచడానికి, డేటాను అయస్కాంత రూపంలో ఉంచే హార్డ్‌డిస్కే నయమని నా అభిప్రాయం. అయితే దాని మోటారూ బిగుసుకుపోవచ్చు గనుక, రెండు ప్రతులు ఉంచి ఏడాదికొకసారి తెరిచి చూడండి.